నాలుగో నంబరు ఈల

పరీక్ష గది, రెండో అంతస్తు
ఫిబ్రవరి 4, మంగళవారం

అక్కా,

నిన్న ఉదయం పదకొండూ పదికి మా పరీక్ష గదిలో నాలుగో నంబరు కెటిల్ ఈల వేసింది. గదిలో మార్కులు వేసేవాళ్లు పదిమంది ఉన్నారు. ఐదుగురు చెవులు మూసుకున్నారు. మిగతా ఐదుగురు బాగుందన్నారు. సాయంత్రం మార్కులన్నీ పడ్డాక చీటీలు విప్పాం. నాలుగో నంబరు మీ ఫ్యాక్టరీది. అంటే ఆ ఈల నువ్వు సరిచేసింది.

మా పద్ధతి నీకెప్పుడూ వివరంగా చెప్పలేదు. పత్రికలో ఏ ఇంటి సామాను గురించి రాయాలన్నా దాన్ని మేమే దుకాణంలో కొంటాం. పేరు కనబడకుండా నల్ల టేపు చుట్టి నంబరు వేస్తాం, ఏ నంబరు ఎవరిదో చీటీలో రాసి మడిచి పెడతాం. మార్కులు పడేదాకా ఏది ఎవరిదో టేపు చుట్టినవాళ్లకు తప్ప తెలియదు. ఈసారి ఏడు కెటిళ్లు. నీళ్లు త్వరగా మరగడంలో మీది మొదటిది, ఆరు నిమిషాలు. పిడి వేడెక్కకపోవడంలో రెండోది. ఈలలో ఆఖరిది. ఈల వేసే కెటిల్‌ను జనం ఈల కోసమే కొంటారు కాబట్టి మొత్తం మీద ఐదో స్థానం వచ్చింది.

చీటీ విప్పగానే ఎడిటర్ దగ్గరికి వెళ్లి, "ఈ ఈల మా అక్క చేసిందండీ. నేను రాయకూడదు" అన్నాను.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"టేపు చుట్టి ఉంటే నాకెలా తెలుస్తుందండీ?"

ఫైలు నా పక్క బల్ల ఆవిడకు వెళ్లింది. కిందటేడు పరుపుల మీద రాసి ముగ్గురు తయారీదారులకు నిద్ర లేకుండా చేసిన మనిషి.

మీ యజమానికి మా ఉత్తరం ఈ మధ్యాహ్నం వెళుతుంది. జవాబుకు మూడు వారాల గడువు. లోపం సరిచేశామంటే మరోసారి పరీక్ష చేస్తాం, అదీ పత్రికలో వస్తుంది. ఆయనకంటే ముందు నీకు చెప్పడం తప్పు. ఆయన తర్వాత చెప్పడం ఇంకా పెద్ద తప్పు. అందుకని రెండు కవర్లూ ఒకే డబ్బాలో ఒకేసారి వేస్తున్నాను.

బావను అడిగానని చెప్పు.

తమ్ముడు

*

ఈల గది
ఫిబ్రవరి 9

ఒరేయ్ కొలబద్దా,

నీ కవరు ముందొచ్చింది. యజమాని గారిది మర్నాడు వచ్చింది. ఆ ఒక్కరోజూ నిప్పు మింగినదానిలా తిరిగాను. ఒకే డబ్బాలో వేసినంత మాత్రాన రెండూ ఒకేసారి చేరతాయా? ఇన్నేళ్లు పత్రికలో ఉండి టపా సంగతి తెలియదా నీకు?

మీ పదిమందిలో ఐదుగురికి చెవులు లేవు. ఏ ఐదుగురికో నువ్వే కనుక్కో. ఇరవై ఆరేళ్లుగా ఈ స్టూలు మీద కూర్చుంటున్నాను. ప్రతి ఈల మూతకూ రెండు కన్నాలు. పెద్ద కన్నానిది పెద్ద గొంతు, చిన్న కన్నానిది సన్నటి చిన్న గొంతు. పెద్ద గొంతు వినబడి మనిషి లేవాలి. చిన్న గొంతు దాని వెనకాల తోడుగా నడవాలి, ముందుకు తోసుకు రాకూడదు. ఆవిరి పెట్టి వింటాను. చాలకపోతే గుండ్రటి ఆకురాయితో చిన్న కన్నాన్ని వెంట్రుకవాసి రుద్ది మళ్లీ వింటాను. రోజుకు నూట ఇరవై మూతలు. ఏ యంత్రమూ లేదు, నా రెండు చెవులే.

అసలు ఈ మధ్య లోకమంతా ఇలాగే తగలడింది. అందరూ మాటలు నమిలి మింగుతున్నారు. మందుల దుకాణంలో అమ్మాయి పెదవులు కదుపుతుంది, మాట బయటికి రాదు. టీవీలో వార్తలు చదివేవాళ్లూ అంతే, కింద వచ్చే అక్షరాలు చూసుకోవాలి. మీ బావ మాత్రం దీనికి ఎదురు. నోరు పెరిగింది. 'ఉప్పు అందుకో' అన్న మాట కూడా వీధి చివరికి వినబడేలా అంటాడు. ఇక ప్యాకింగ్ గదిలో ఆడవాళ్లంతా చెవుల్లో దూది కుక్కుకుని కూర్చుంటున్నారు. ఏమిటమ్మా అంటే చలి అంటారు. ఏం చలో, ఏం చోద్యమో!

యజమాని గారు పిలిచారు. "ఏమిటమ్మా ఇది?" అన్నారు. "పత్రికలవాళ్లండీ, వాళ్ల పని వాళ్లది" అన్నాను. ఆయన గడ్డం గోక్కుని, "పోనీ శబ్దం కొలిచే మీటరు ఒకటి తెప్పిద్దామా?" అన్నారు. ఈ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను. మీటరు వచ్చిందంటే నా స్టూలు పోయినట్టే. అది తెలుసుకుని రాయి ఈసారి.

అక్క

*

మా ఇంటి వంటగది
ఫిబ్రవరి 14

అక్కా,

ఏ ఐదుగురో కనుక్కోమన్నావు. కనుక్కున్నాను.

ఈల మార్కులు పదికి. ముప్పై ఏళ్లలోపువాళ్లు ఐదుగురు నాలుగో నంబరుకు వేసినవి: రెండు, ఒకటి, రెండు, మూడు, ఒకటి. అరవై దాటినవాళ్లు వేసినవి: తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది. మధ్యలో ఒక్క మార్కూ లేదు. మిగతా ఆరు కెటిళ్లలో ఏదానికీ మనుషులు ఇలా వయసు ప్రకారం చీలిపోలేదు. వయసుతో మొదట తగ్గేది సన్నటి శబ్దాలు వినే శక్తి అని మా పత్రికలో ఆరోగ్యం పేజీ రాసే డాక్టరు గారు చెప్పారు.

తర్వాత కొలిచాను. కోప్పడకు, అది నా బుద్ధి. నేను ఈ ఇంటికి మారినప్పుడు, ఆరేళ్ల కిందట, నువ్విచ్చిన కెటిల్‌లో చిన్న కన్నం సరిగ్గా ఒక మిల్లీమీటరు. రెండేళ్ల కిందట మా ఎడిటర్ కొన్నదానిలో ఒకటీ పాయింటు రెండు. నాలుగో నంబరులో ఒకటీ పాయింటు ఆరు. పెద్ద కన్నం మూడింటిలోనూ ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. ఇరవై ఆరేళ్ల చెయ్యి అంటే అదీ అనిపించింది.

తేల్చి చెప్పడం నా పని కాదు. ఒక్క ప్రశ్న అడుగుతాను. ఏడాది నుంచి నా ఫోను ఎందుకు ఎత్తడం లేదు? 'ఉత్తరం రాయరా, ఉత్తరంలో ఉండే ముచ్చటే వేరు' అన్నావు. నమ్మాను. ముచ్చటగానే ఉంది. కానీ కారణం అదేనా?

తమ్ముడు

*

ఈల గది
ఫిబ్రవరి 20

తమ్ముడికి,

కన్నాలు కొలిచావు, సంతోషం. టేపు చుట్టి నంబరు వేయడానికి నా చెవులు మీ పరీక్ష గదిలో సామాను కాదు. ఫోను పాడైంది, అంతే.

ఇక్కడ అందరూ కులాసా.

అక్క

*

ఇల్లు
మార్చి 2, ఆదివారం

ఒరేయ్ కొలబద్దా,

ఫోను పాడవలేదు.

నీ మీద కోపంతో వారం రోజులు పళ్లు కొరుక్కుంటూ పని చేశాను. మొన్న శుక్రవారం భోజనాల వేళ ప్యాకింగ్ గదిలోకి వెళ్లాను. అక్కడ ఫ్యాక్టరీ అంతా వదిన అని పిలిచే ఆవిడ ఉంది. పదమూడేళ్లుగా కెటిళ్లను అట్టపెట్టెల్లో సర్దుతోంది.

"వదినా, ఆ దూది తియ్యి" అన్నాను.

"చలండీ."

"చెమట తుడుచుకుంటూ చలేమిటి? తీసి నిజం చెప్పు. నా ఈల ఎలా ఉంది?"

ఆవిడ తోటివాళ్ల వంక చూసింది. తోటివాళ్లు పెట్టెల వంక చూశారు.

"బాగుంటుందండీ."

"సరే, అంత బాగుంటే రేపట్నుంచి నీ బల్ల నా గదిలో వేయిస్తాను."

"అంత పని చెయ్యకండి!" అని లేచి నిలబడింది. "పళ్లు జివ్వుమంటాయండీ. ఈ బల్లకింద పిల్లి పడుకునేది చూడండి, అది రావడం మానేసి ఎనిమిది నెలలైంది. మీకు చెబుదామని మూడుసార్లు గుమ్మందాకా వచ్చాను. మీరేమో కళ్లు మూసుకుని తల ఊపుతూ వింటున్నారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఎనిమిది నెలలు. అంటే దాదాపు ఇరవై వేల కెటిళ్లు.

నిన్న చెవి పరీక్షకు వెళ్లాను. మీ బావ తోడొచ్చాడు. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డొప్పలు తగిలించి, చేతికొక బొత్తాం ఇచ్చారు. శబ్దం వినబడగానే నొక్కాలి. మొదట బాగానే వినబడింది. తర్వాత ఏమీ లేదు. అయితే గాజులోంచి పరీక్ష చేసే ఆవిడ చెయ్యి కనబడుతోంది. చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కాను. కాసేపటికి ఆవిడ తలుపు తీసి, "ఇప్పుడు నేను మిషను ఆపేసి కళ్లద్దాలు తుడుచుకున్నానండీ. మీరు మూడుసార్లు నొక్కారు" అంది. నా కుర్చీ గోడ వైపు తిప్పేసింది. బయట మీ బావ నవ్వుతున్నాడని వినబడలేదు గానీ భుజాలు చూస్తే తెలిసింది.

కాగితం మీద ఒక గీత ఇచ్చారు. సగందాకా బల్లపరుపుగా వచ్చి, అక్కణ్నించి మెట్లు దిగినట్టు దిగిపోయింది. పెద్ద గొంతు మెట్ల పైన ఉంది. చిన్న గొంతు మెట్ల కింద ఉంది. నాకు వినబడటం లేదు కాబట్టి చాలలేదనుకున్నాను. చాలలేదని ప్రతి నెలా ఇంకాస్త రుద్దాను. నాలుక చచ్చినవాడు కూరలో ఉప్పు వేసినట్టు.

రెండేళ్లుగా నాకే అనుమానం ఉందిరా. అడిగితే నిజమవుతుందని అడగలేదు. వినబడని మనిషిని ఈల గదిలో ఎవరుంచుకుంటారు? యజమాని గారికింకా చెప్పలేదు. ఆయన మీ వాళ్లను అడిగి గడువు ఏప్రిల్ పదిహేడు దాకా పొడిగించుకున్నారు, రెండో పరీక్ష ఆ రోజేనట. మీటర్లు అమ్మేవాడు వచ్చి నా బల్ల పొడవూ వెడల్పూ కొలుచుకుని పోయాడు. నన్నెవరూ అడగలేదు.

అక్క

*

పరీక్ష గది, భోజన విరామం
మార్చి 7

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్లద్దాల దగ్గర మూడుసార్లూ నవ్వాను.

నేనూ ఒకటి దాచాను. జనవరిలో బావ ఫోను చేశాడు. "మీ అక్కకు వినబడటం లేదురా. చెబితే నా మీద విరుచుకుపడుతోంది. నువ్వు చెప్పు, నీ మాటైతే వింటుంది" అన్నాడు. "చూద్దాం బావా" అన్నాను. మా డాక్టరు గారు చెవుల గురించి రాసిన పేజీ కత్తిరించి కవరులో పెట్టాను. కవరు మీద నీ చిరునామా కూడా రాశాను. అది నెల రోజులు డ్రాయరులో పడి ఉంది. పదిహేడేళ్లుగా ముక్కూ మొహం తెలియనివాళ్లకు వాళ్ల సరుకులో లోపాలు చెబుతున్నాను, సొంత అక్కకు చెప్పడానికి నోరు రాలేదు. ఇది నా లోపం, రాసి పెట్టుకో.

ఇక పనికొచ్చే మాటలు. చెవి మిషన్ల మీద మేం నవంబరు సంచికలో రాశాం. నెల రోజులు వాడి చూసే వీలు ఇవ్వనివాళ్ల దగ్గర తీసుకోకు. రెండు చెవులకూ తీసుకో, ఒకటి చాలులే అనకు. మొదటి రెండు వారాలు ఇంట్లో మాత్రమే పెట్టుకో. ప్రతి చప్పుడూ మీద పడుతుంది, భయపడి తీసి గూట్లో పెట్టేవాళ్లే ఎక్కువ. నువ్వు ఫ్యాక్టరీలో పెట్టుకోవాల్సింది మూడో వారం.

యజమానికి నువ్వే చెప్పు. మా నియమం ప్రకారం నేను చెప్పకూడదు. నియమం లేకపోయినా చెప్పను. అది నీ స్టూలు, నీ మాట.

ఒక సంగతి ముందే తెలుసుకో. రెండో పరీక్షకు మీరు ఏరి పంపిన కెటిళ్లు తీసుకోరు. మళ్లీ దుకాణంలోనే కొంటారు, ఏ దుకాణమో చెప్పరు.

తమ్ముడు

*

ఈల గది
మార్చి 27

ఒరేయ్ తమ్ముడూ,

చెవి మిషన్లు పెట్టుకుని నేటికి పద్దెనిమిది రోజులు.

మొదటిరోజు ఇంటికొచ్చేసరికి చెప్పుల చప్పుడు, సంచి జిప్పు చప్పుడు, కాగితం గరగర, అన్నీ గొడవే. మీ బావ అవతలి గదిలోంచి ఏదో గొణిగాడు. "ఆ మాట ఇంకోసారి అను" అన్నాను. "ఇక నిన్ను తిట్టుకోవాలంటే వీధిలోకి పోవాలన్నమాట" అన్నాడు. చిన్నగానే అన్నాడు. ఇన్నాళ్లకు ఆయన గొంతు మామూలు గొంతని తెలిసింది.

టీ కోసం కెటిల్ పొయ్యి మీద పెట్టాను. కిందటేడు ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్నది, నేను సరిచేసిందే. ఆరు నిమిషాలకు అరిచింది. చేతిలో గరిటె పారేసి పరుగెత్తాను. ఎవరో సూదితో బుర్రలో కెలికినట్టుంది. మీ బావ కుర్చీలోంచి కదలకుండా, "ఎనిమిది నెలలుగా నేను తాగుతున్న టీ అదే" అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు నవ్వాను.

మర్నాడు యజమాని గారి ముందు కాగితం పెట్టి, "ఇరవై వేల ఈలలు పాడుచేసింది నేనేనండీ" అన్నాను.

ఆయన ఆ గీత చూసి తెల్లబోయారు. "అమ్మకాల గీత అనుకున్నానమ్మా, గుండె జారింది" అన్నారు. చెవులదని తెలిశాక కాస్త స్థిమితపడి, "పోనీలెండి, మీటరు తెప్పిస్తాను. మీరు ప్యాకింగ్‌లో కూర్చోండి, పని తేలిక" అన్నారు.

"ఎంత గట్టిగా ఉందో మీటరు చెబుతుందండీ. రెండు గొంతులూ పొసిగాయో లేదో చెప్పదు. పెద్ద గొంతు నా చెవికి ఇప్పటికీ తెలుసు. చిన్న గొంతుకు వదినను నా పక్కన కూర్చోబెట్టండి. ఇద్దరం ఒప్పుకున్న మూతే బయటికి పోతుంది."

"ప్యాకింగ్ ఆవిడా? ఆవిడకేం తెలుసమ్మా?"

"ఎనిమిది నెలల ముందే ఆవిడకు తెలిసింది. మనిద్దరికీ తెలియలేదు."

ఆయన తేల్చి చెప్పారు. పత్రికవాళ్ల రెండో పరీక్షలో చిన్నవాళ్ల సగటూ పెద్దవాళ్ల సగటూ రెండూ ఏడు దాటితే స్టూలు నాది, పక్క స్టూలు వదినది. ఏ ఒక్కటి తగ్గినా మే ఒకటిన మీటరు వస్తుంది, నేను అట్టపెట్టెల దగ్గరికి పోతాను. మిగిలిన పాత సరుకు వెనక్కి పంపమనీ, పాత మూత తెచ్చిన ప్రతివాళ్లకూ కొత్త మూత ఇస్తామనీ దుకాణాలన్నిటికీ ఉత్తరాలు పంపించారు. అది ఆయనంతట ఆయనే చేశారు, మనిషి మంచివాడు.

ఇప్పుడు మా పని చూస్తే నవ్వుతావు. నేను విని "ఇంకాస్త" అంటాను. వదిన విని "చాలండీ" అంటుంది. "ఇంకాస్తంటే నేను వెళ్లి దూది తెచ్చుకుంటా" అంటుంది. నిన్న ఒక్క మూత మీద అరగంట దెబ్బలాడుకున్నాం. చివరికి ఆవిడ చెప్పిందే ఖాయం చేసి, కొలత కట్టి చూస్తే కన్నం ఒకటీ పాయింటు సున్నా వచ్చింది. కొలిచింది నేనే. నీ జబ్బు నాకూ పట్టుకుంది.

రోజుకు నూట ఇరవై పోయి డెబ్బై అవుతున్నాయి. ఆ డెబ్బై ఎవరి ముందైనా పెడతాను.

పదిహేడో తేదీన నేను ఆ గదిలోకి రావచ్చా? ఒక మూల నిలబడతాను, నోరెత్తను.

అక్క

*

పరీక్ష గది, రెండో అంతస్తు
ఏప్రిల్ 12, శనివారం

అక్కా,

రాకూడదు. తయారుచేసినవాళ్లు గదిలో ఉండకూడదని నియమం. తయారుచేసినవాళ్ల బంధువులూ ఉండకూడదు కాబట్టి ఆ రోజు నేనూ గుమ్మం దాటను. పదిహేడేళ్లలో నన్ను ఆ గది బయట నిలబెట్టడం ఇదే మొదలు.

పక్క బల్ల ఆవిడ మీ కెటిళ్లు మూడు, మూడు దుకాణాల్లో కొంది. అంతవరకే చెప్పింది. ఏ తేదీన తయారైనవని అడిగితే, "ఇంకో మాట అడిగావంటే టేపు నీ నోటికి చుడతాను" అంది. కాబట్టి వాటిలో నువ్వూ వదినా కలిసి చేసినవి ఎన్నో, పాతవి ఏమైనా ఉన్నాయో నాకు తెలియదు. పాత సరుకు దుకాణాల నుంచి వెనక్కి వచ్చేసిందని మీ యజమాని రాశారట. అది నిజమో కాదో గురువారం తేలుతుంది.

మార్కులు వేసేది ఫిబ్రవరిలో వచ్చిన పదిమందే. చెవులు మూసుకున్న ఐదుగురూ వాళ్లలో ఉన్నారు.

వీధి మీద ఎవరైనా కూర్చోవచ్చు కదా అని ఎడిటర్‌ను అడిగాను. ఆయన నియమాల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, "వీధి గురించి ఇందులో ఏమీ లేదు" అన్నారు. మా భవనానికి ఎదురుగా బస్సు ఆగే చోట ఒక సిమెంటు బల్ల ఉంది. నిన్న వెళ్లి కూర్చుని చూశాను. పరీక్ష గది కిటికీ సూటిగా కనబడుతుంది. ఆవిరి పోవడానికి కిటికీ తలుపులు తీసే ఉంచుతారు. చిన్నవాళ్ల ఐదు కుర్చీలూ కిటికీ పక్క వరసలోనే వేస్తారు. మొహాలు కనబడవు, భుజాలూ చేతులూ కనబడతాయి. అంతవరకు చాలు.

గురువారం తొమ్మిదీ పది రైలుకు దిగండి. వదినను కూడా తీసుకురా, బావ వస్తానంటే బల్ల మీద నలుగురికి చోటు ఉంది. నేను స్టేషన్లో ఉంటాను. అక్కణ్నించి నడిస్తే పావుగంట.

మార్కులు పన్నెండున్నరకు మీ యజమానికి ఫోనులో చెబుతారు. మొదటి కెటిల్‌ను పదింటికి పొయ్యి మీద పెడతారు. నీళ్లు మరగడానికి ఆరు నిమిషాలు. పదీ ఆరుకు ఆ చేతులు చెవుల మీదికి లేస్తాయో, ఒడిలోనే ఉంటాయో చూద్దాం.

తమ్ముడు